మా అత్తగారి కళ్లకు ఏ పెన్సిలు?

ఆ రోజుల్లో నాది పడుచుతనమే అనాలి. అరవై ఏళ్లు నిండి మూడు నెలలు. నవ్వకండి. పాతికేళ్ల వాళ్లు తమ పదో ఏటిని తలచుకుంటే ఎలా ఉంటుందో, ఎనభై దాటిన మనిషి అరవైని తలచుకుంటే అలాగే ఉంటుంది. ఎంత ఓపిక, ఎంత పొగరు, అన్నీ తెలుసునన్న ఎంత ధీమా! 2005 జూన్ 30, గురువారం నాడు రాయపూర్‌లో రైల్వే డ్రాయింగ్ ఆఫీసు నుంచి రిటైరయ్యాను. ముప్ఫై ఏడేళ్ల నాలుగు నెలల సర్వీసు. వంతెనల స్తంభాలు, వ్యాగన్ల ఇరుసులు, నీళ్ల ట్యాంకులు, ప్లాట్‌ఫారాల కప్పులు అన్నీ కలిపి రెండు వేల నూట పద్నాలుగు షీట్లు గీశాను (తప్పు వచ్చి తిరిగి గీసినవి ఈ లెక్కలో లేవు). అందుకని పెన్సిలు గురించి నాకు ఇంకొకరు చెప్పవలసింది ఏమీ లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం సరిగ్గా నూట ఆరు రోజులు బతికింది.

మా ఆఫీసులో పెన్సిలంటే గట్టి పెన్సిలే. 4హెచ్, 2హెచ్, మరీ ముదురు గీత కావాలంటే హెచ్. దాని ములుకును గరుకు కాగితం మీద రుద్ది ఉలిలా పదును పెట్టుకోవాలి. గీత తలవెంట్రుకంత సన్నగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉండాలి. చేతి కింద శుభ్రమైన కాగితం ముక్క పెట్టుకోకుండా షీటు మీద చెయ్యి ఆనించకూడదు. పొరపాటున ఎక్కడైనా చెయ్యి తగిలి మసక కనిపించిందా, మేమంతా బడాబాబు అని పిలుచుకునే మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "యే క్యా హై? బాదల్?" అని అడిగేవాడు. మబ్బు పట్టిందా అని. నలుగురిలో ఆ మాట పడ్డాక మళ్లీ షీటంతా గీయడమే. నాకు మొత్తం సర్వీసులో మూడే మూడు మబ్బులు, మూడూ మొదటి సంవత్సరంలోనే. బి రకం మెత్తటి పెన్సిళ్లయితే మా ఆఫీసు గుమ్మం తొక్కలేదు. అవి వడ్రంగులకూ చిన్నపిల్లలకూ అని మా అభిప్రాయం.

2005 అక్టోబరు 3, సోమవారం. మా అత్తగారి కుడి కంట్లో శుక్లం ముదిరిందని, నవంబరు 14న ఆపరేషన్ చేస్తానని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి నుంచి ఆటోలో ఇంటికి వచ్చాం. భోజనాలయ్యాక ఆవిడ నన్ను పిలిచారు.

"ఒలే పిల్లా, ఇలాగ రా."

నాకు అరవై, ఆవిడకు ఎనభై రెండు. శ్రీకాకుళం జిల్లా నుంచి 1966లో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు ఏ పేరుతో పిలిచారో, రిటైర్మెంటు కాగితాలు చూపించినా అదే పేరు.

"ఆపరేషన్ బల్ల మీద నాకేటైనా అయితే, గోడకేటి తగిలిస్తారు?"

"ఏమీ కాదు అత్తయ్యా. పావుగంట పని అన్నాడు కదా డాక్టరు."

"పోడానికి పావుగంట సాల్దేటి? ఫొటో ఉందా లేదా, అది సెప్పు."

ఫొటోలు ఉన్నాయి. మొత్తం పదకొండు. పదకొండింటిలోనూ ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు. మా పెళ్లి ఫొటోలో నిద్రలో మమ్మల్ని దీవిస్తున్నట్టు ఉంటారు. పూరీలో తీయించుకున్న దానిలో వెనక సముద్రం, ముందు ఈవిడ కునుకు. రేషను కార్డు కోసం స్టూడియో అతను నాలుగుసార్లు తీసి, చివరికి "మాతాజీ కో ఐసే హీ రహనే దో," అమ్మగారిని ఇలాగే ఉండనివ్వండి అని చేతులెత్తేశాడు. ఇక గోడ మీద మావగారి ఫొటో చూస్తే, ఆయన కళ్లు రెండూ గుండ్రంగా తెరిచి ఎవరో పిలిచినట్టు చూస్తుంటారు.

"ఆయన అక్కడ కళ్లు ఇంతింత సేసుకుని సూస్తంటే, పక్కన నాను నిద్రపోతా ఉండాలా? నాను పోయాక ఈ ఇంట్లో మీరేటి సేస్తన్నారో సూడొద్దా?"

మావారు పేపరు దించి, "అమ్మా, ఇప్పుడు స్టూడియోలో కంప్యూటర్ సే కళ్లు తెరిపించేస్తున్నారు, ఆరామ్ సే" అన్నారు.

"ఎవురి కళ్లురా?"

ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నారు.

"నీ పెళ్లాం రైల్వేవోళ్లకి ముప్ఫై ఏడేళ్లు బొమ్మలేసింది. అత్తకి ఒక్కటెయ్యలేదేటి? నాను నా కళ్లతో సూసి బాగుందనాల. అప్పుడే ఆపరేషనుకి వస్తాను. లేపోతే డాక్టర్ని ఇంటికెళ్లిపొమ్మను."

నలభై రెండు రోజులు. వంతెనకే అంతకంటే తక్కువ గడువులో నక్షా ఇచ్చినదాన్ని, ఒక ముఖం ఎంత! మర్నాడే మొదలుపెట్టాను. పాతది మందపాటి డ్రాయింగు షీటొకటి ఇంట్లోనే ఉంది. అత్తగారిని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, డివైడర్ తీసుకుని కొలతలు తీశాను. ముక్కు యాభై రెండు మిల్లీమీటర్లు. నుదురు అరవై ఒకటి.

"నా ముక్కు కొలిసి ఏటి సేస్తావే? బండికి బిగిస్తావా?"

"కదలకండి అత్తయ్యా. ఒకటికి ఒకటి కొలతలో గీస్తున్నాను."

మూడు రోజుల్లో ముఖం గీతలు దిగాయి. నిజం చెప్పాలంటే బాగానే దిగాయి, కళ్ల చోట రెండు ఖాళీలు తప్ప. ఇక నీడలు వేయాలి. నీడ వేయడం నాకు ఒక్క విధంగానే వచ్చు. మా పనిలో ఇనుమును కోసి చూపించాలంటే నలభై ఐదు డిగ్రీల ఏటవాలు గీతలు, ఒకే ఎడంతో. ముదురుగా కావాలంటే ఎడం తగ్గించాలి, ఇంకా ముదురు కావాలంటే అడ్డంగా మరో వరస వేయాలి. అదే పద్ధతి పెట్టాను. బుగ్గల మీద మూడు మిల్లీమీటర్ల ఎడం, గడ్డం కింద ఒకటిన్నర, మెడ దగ్గర రెండు వరసలు. సెట్ స్క్వేరు ఆనించి, 4హెచ్‌తో, ఆరు రోజులు. ఒక్క గీత తప్పలేదు, ఒక్క మసక పడలేదు. బడాబాబు ఉంటే వీపు తట్టేవాడు.

మావారు వచ్చి చాలాసేపు చూశారు. రైల్లో గార్డుగా పనిచేసిన మనిషి, వంతెనలు ఎరిగిన మనిషి. "బాగుంది, బాగుంది," అని కాస్త ఆగి, "ఈ గడ్డం కింద కాంక్రీటా, ఇటుకా?" అన్నారు.

అత్తగారు కాగితాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టి చూశారు. "నన్ను జల్లెడెనకాల ఎందుకు నిలబెట్టినావే?"

"అది నీడ అత్తయ్యా."

"నీడకి గళ్లుంటాయేటి?"

ఆ మధ్యాహ్నం వరండా గోడ మీద పడ్డ కుర్చీ నీడను వెళ్లి చూశాను. గీతలు లేవు. ఒకచోట మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియకుండా అయిపోతోంది. అరవై ఏళ్లు వచ్చేదాకా నీడను నేను చూడనే లేదన్నమాట!

అక్టోబరు 14, శుక్రవారం, శంకర్ నగర్‌లో బొమ్మల సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాను. యజమాని కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. అందుకని నేను ఆయనకు కళ్లద్దాల సేఠ్ అని పేరు పెట్టుకున్నాను. షేడింగుకు ఇప్పటిదాకా ఏ పెన్సిలు వాడారని హిందీలో అడిగాడు. "ఫోర్ హెచ్" అన్నాను గర్వంగా. ఆయన కళ్లద్దాలు నుదుటి మీంచి కళ్ల మీదికి దించి నన్ను చూశాడు.

"మేడంజీ, ఉస్‌సే కాగజ్ కటేగా. షేడ్ నహీఁ హోగా."

దానితో కాగితం తెగుతుందే గాని నీడ రాదట. నా నూట ఆరు రోజుల నమ్మకం ఆ గల్లా బల్ల దగ్గర ప్రాణం విడిచింది. 2బి, 4బి, 6బి, 8బి వరసగా పెట్టాడు. అంకె పెరిగిన కొద్దీ మెత్తన, మెత్తనైన కొద్దీ నలుపు. 4బికీ 6బికీ తేడా ఎంత అని అడిగాను. "హాథ్ సే పూఛియే" అన్నాడు. చేతిని అడగాలట! మా ఆఫీసులో చేతి అభిప్రాయం ఎవరూ అడిగి ఎరగరు.

అడగమన్నారు కదా అని అడిగాను, నా పద్ధతిలో. నాలుగు పెన్సిళ్లు, మూడు రకాల కాగితాలు, ఒక్కో దానికి లేత నుంచి ముదురు దాకా పది గళ్లు. మొత్తం నూట ఇరవై. అంగుళం చదరపు గళ్లు గీసి, నింపి, పక్కన తేదీ వేశాను. ఎనిమిది రోజులు పట్టింది. నున్నటి కాగితం మీద పెన్సిలు జారిపోతుంది గాని నలుపు పట్టుకోదు. మరీ గరుకు కాగితం మీద ఎంత నింపినా మధ్య మధ్య తెల్లచుక్కలు మిగిలిపోతాయి. నడిమి రకం, కొద్దిగా మీగడ రంగుది, అన్నిటికీ ఒప్పుకుంటుంది. లేత చోట్లకు 2బి, ముఖమంతటికీ 4బి, ముక్కు పక్క లోతుకు 6బి. ఇక 8బి భలే నలుపు, కానీ పక్క నుంచి చూస్తే స్టీలు గిన్నెలా తళతళలాడుతుంది. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను.

అత్తగారు రోజూ అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి ఆగేవారు.

"ఏటే, ఇందులో నా మొకం ఏ గడిలో ఉంది?"

"ఇంకా లేదు అత్తయ్యా. ఇవి పరీక్షలు."

"డాక్టరే నాకు ఇన్ని పరీక్షలు సెయ్యలేదు. పద్నాలుగో తారీకు నీ గళ్లు నిండేదాకా ఆగదు."

అక్టోబరు 23, ఆదివారం, రెండో బొమ్మ మొదలైంది. మెత్తటి పెన్సిలు చేతికి వింతగా ఉంది. నొక్కితే నల్లబడుతుంది, తేలిస్తే తెల్లబడుతుంది, మన మాట వింటుంది. మధ్యలో దీపావళి వంటలకు రెండు రోజులు పోయాయి. మిగతా రోజుల్లో వరస మీద వరస వేస్తూ వెళ్లాను. కానీ ఎంత వేసినా బుగ్గలు నున్నబడవు. దగ్గరికి వెళ్తే ముఖమంతా సన్న రవ్వ చల్లినట్టుంది. కాస్త రుద్దితే సరిపోతుందని బుద్ధి చెబుతూనే ఉంది (సేఠ్ కూడా కాగితాన్ని బిగించి చుట్టిన ఒక కడ్డీ ఇచ్చి రుద్దమన్నాడు), చెయ్యి మాత్రం ఒప్పుకోదు. కడ్డీ బుగ్గ దాకా వెళ్తుంది, బడాబాబు గుర్తొస్తాడు, వెనక్కి వచ్చేస్తుంది.

నవంబరు 4, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పాలు దించడానికి వంటింట్లోకి వెళ్లాను. రెండు నిమిషాలు, అంతకంటే లేదు. తిరిగి వచ్చేసరికి అత్తగారు బల్ల ముందు నిలబడి, కొంగు చేతికి చుట్టుకుని, తన బుగ్గను బరబరా తుడుస్తున్నారు. అంటే కాగితం మీది బుగ్గను. నేను పెట్టిన కేకకు పెరట్లో ఉన్న మావారు పరుగెత్తుకొచ్చారు.

"అత్తయ్యా! మసక! మసక!"

"మసక కాదే, దుమ్ము. మొకం నిండా రవ్వ పోసి ఒగ్గేసినావు. నానే తుడుసుకున్నాను. ముప్ఫై ఏడేళ్లు ఉద్యోగం సేసి, తుడవడం రాదేటే నీకు?"

పన్నెండు రోజుల పని. ఏడవడానికి సిద్ధపడే దగ్గరికి వెళ్లాను. ఏడుపు రాలేదు. తుడిచిన బుగ్గ గుండ్రంగా ఉంది. చుక్కలు ఎక్కడికో పోయాయి, ఎముక దగ్గర వెలుగు, అక్కడి నుంచి దవడ కిందికి నీడ మెల్లగా జారుతోంది, వరండా గోడ మీది నీడలాగే. ఎక్కడ మొదలైందో తెలుసు, ఎక్కడ ఆగిందో తెలియదు. తుడవని బుగ్గ పక్కన ఉప్మాకు సిద్ధంగా ఉంది.

"ఈ పక్క కూడా తుడిసీమంటావా?"

"వద్దత్తయ్యా. మీరు చీర మార్చుకోండి. అది నాకు కావాలి."

అది పాతికేళ్ల నాటి సన్న నేత చీర, ఉతికి ఉతికి పువ్వులా అయిపోయినది. మా ఇంట్లో మొదటిసారి ఆవిడ నా మాటకు ఎదురు చెప్పకుండా చీర ఇచ్చారు. నాలుగంగుళాల ముక్కలు పదహారు కోశాను. ఊరుకోవచ్చు కదా, లేదు. వేలితో, దూదితో, కొత్త జేబురుమాలుతో, కాగితం కడ్డీతో, చీర ముక్కతో, అయిదింటికీ అయిదు గళ్లు గీసి పరీక్షించాను. వేలికి చెమట, జిడ్డు మరక పడుతుంది. దూది పోగులు వదులుతుంది. జేబురుమాలు గంజి వల్ల గీరుతుంది. కడ్డీ ముక్కు పక్క సందులకూ పెదవుల చివర్లకూ చక్కనిది గాని, విశాలమైన బుగ్గ మీద చారలు తీస్తుంది. చీర ముక్కకు సాటి లేదు. నోట్‌బుక్కులో ఇలా రాసుకున్నాను: "మెత్తని నీడకు పాత నేత చీర. కనీసం ఇరవై ఏళ్లు ఉతికినది."

నవంబరు 10, గురువారానికి ముఖమంతా అయింది. కళ్లు లేవు. నాలుగు రోజులే ఉన్నాయి. కంటిపాపకు నిండు నలుపు కావాలి, 8బి వేస్తే తళతళ. సేఠ్ ఒక బొగ్గు కడ్డీ ఇచ్చి, పెన్సిలు మీద ఇది పట్టదనీ, పాప చోటు ఖాళీగా ఉంచుకుని ఆఖరున ఒక్కసారే వేయాలనీ చెప్పాడు. నలుపు దొరికింది. కళ్లే దొరకలేదు. నేను తలెత్తి చూడగానే ఆవిడ రెప్పలు టపీమని పడిపోతాయి. బలవంతాన తెరిపిస్తే నీళ్లు కారతాయి. వదిలేస్తే సగటున పదకొండో నిమిషానికి నిద్ర. శుక్రవారం సాయంత్రం ఆవిడ రెండు వేళ్లతో రెప్పలు ఎత్తి పట్టుకుని కూర్చున్నారు, పాపం. కాసేపటికి వేళ్లు దించేశారు.

"నాకు తెల్దే. ఎవురైనా నా మొకంలోకి తిన్నగా సూస్తే రెప్ప పడిపోతాది. సిన్నప్పట్నుంచీ అంతే. మీ మావ సూసినా అంతే." మళ్లీ నెమ్మదిగా అన్నారు. "ఒగ్గెయ్యి. మూసిన కళ్లే ఎయ్యి. ఆపరేషనుకి వస్తాన్లే."

ముప్ఫై తొమ్మిదేళ్లలో ఆవిడ ఓడిపోయినట్టు మాట్లాడగా నేను వినలేదు. తిట్టినా బాగుండును అనిపించింది.

శనివారం పొద్దున్న మరోసారి చూద్దామని బల్ల ముందు కూర్చున్నాను. రెండు చేతులకూ బొగ్గు. వంటకు బెండకాయలు తరగాలి. మావారిని తరగమన్నాను. నలభై ఏళ్లు పచ్చజెండా ఊపిన మనిషి, కత్తిపీట తెచ్చుకుని సరిగ్గా వాళ్లమ్మ ఎదురుగా చతికిలబడ్డారు. మొదటి కాయ ముక్క అంగుళం. రెండోది గోరంత. మూడోది ముచ్చికతో సహా గిన్నెలో పడింది. ఆ తర్వాత గిన్నెలో ముక్కల మీద నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టారు.

నేను అత్తగారి వైపు చూశాను. రెండు కళ్లూ తెరిచి ఉన్నాయి. ఇంతింత. నేనొకదాన్ని అక్కడున్నానని కూడా ఆవిడకు గుర్తు లేదు.

"ఒరే నాయనా! తరిగినాక కడుగుతారేట్రా? జిగురు సూడు!"

"అమ్మా, అదే అడ్జస్ట్ హో జాయేగా, సర్దుకుంటుంది."

"ముచ్చిక తియ్యరా! అది బెండకాయరా, పట్టాల కింద దుంగ కాదు!"

మావారు లేవబోయారు. "లేవకండి," అన్నాను చప్పుడు కాకుండా, పెన్సిలు చేతిలోకి తీసుకుంటూ. "తరుగుతూనే ఉండండి."

"ఇంకెన్ని?"

"ఉన్నవన్నీ."

నలభై మూడు కాయలు, ఇరవై ఆరు నిమిషాలు. ఆవిడ ఎన్నిసార్లు రెప్ప వేశారో నేను లెక్కపెట్టలేదు (నా జీవితంలో లెక్కపెట్టని వాటిలో అదొకటి). పై రెప్ప మడత, కింద నీటి మెరుపు, కనుబొమల మధ్య ముడి, ఆఖరున బొగ్గుతో పాపలో నిండు నలుపు. కొలవలేదు. డివైడర్ ఎక్కడుందో కూడా చూడలేదు. చివరి కాయ తెగేసరికి కాగితం మీద రెండు కళ్లూ తెరుచుకున్నాయి.

ఆదివారం పొద్దున్న వెలుగులో పెట్టి చూపించాను. ఆవిడ కుడి కన్ను చేత్తో మూసుకుని, ఎడమ కంటితో దగ్గరగా చూశారు. చాలాసేపు. నేను మొదటి సంవత్సరం బడాబాబు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను.

"ఎవుర్నే ఇది అలాగ సూస్తంది?"

"మీ అబ్బాయిని."

ఆవిడ ముఖం మెల్లగా విచ్చుకుంది. "అయితే నానే. బాగుంది." కాగితం నా చేతికిచ్చి, "వొంటిల్లు కనపడేలాగ కట్టు," అన్నారు.

"ఇంకో గోడ చూద్దాం అమ్మా," అన్నారు మావారు.

"నువ్ మాటాడకు. నిన్నటి కూర జిగురు."

మర్నాడు ఆపరేషను డాక్టరు చెప్పినట్టే పావుగంటలో అయిపోయింది. కట్టు విప్పగానే కొత్త కంటితో ఆవిడ ఫ్యాను మీద దుమ్ము, నా చెంప దగ్గర నెరిసిన వెంట్రుకలు, గ్యాసు బండ వెనక బూజు, వరసగా అన్నీ చూశారు. ఆ తర్వాత ఆరేళ్ల మూడు నెలలు హాయిగా బతికి, 2012 ఫిబ్రవరిలో పోయారు. బొమ్మ అప్పుడు గోడ ఎక్కింది, మావగారి పక్కన, వంటింటికి ఎదురుగా. వచ్చినవాళ్లు దణ్ణం పెట్టి, "ఏమిటో, కోపంగా ఉన్నట్టున్నారు" అంటుంటారు. మావారికిప్పుడు ఎనభై మూడు. బెండకాయలు పెరట్లోకి తీసుకెళ్లి తరుగుతారు.

నేను మాత్రం అక్కడే వండుకుంటాను. ముప్ఫై తొమ్మిదేళ్లు ఆ చూపు తప్పించుకు తిరిగినదాన్ని నేను. కూరలో ఉప్పు వేసేటప్పుడు అటు తిరిగి, చీర కట్టుకునేటప్పుడు తలుపు దగ్గరగా వేసి, ఏ మాటా పడకుండా ఆఫీసుకు పది నిమిషాలు ముందే బయలుదేరి. అలాంటి మనిషి నలభై రెండు రోజులు పెన్సిళ్లు మార్చి, కాగితాలు మార్చి, చీర కోసి, ఆ చూపునే ఏరి కోరి పట్టుకొచ్చింది. అది చాలక చివరికి తానే స్టూలెక్కి, తన పొయ్యికి సూటిగా ఎదురుగా మేకు కొట్టింది. తిన్నగా ఉందా లేదా అని రెండు అడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఎంత సంబరపడిందో!